ముంజేతుల కోసం తగలేసిన డబ్బులు, చివరికి పనికొచ్చిన పైపు ముక్క

నాలుగేళ్లుగా జిమ్‌కి పోతున్నా. భుజాలు, బైసెప్స్ ఓ మాదిరిగా వచ్చాయి గానీ ముంజేతులు మాత్రం ములక్కాడల్లాగే ఉండిపోయాయి. ఫుల్ హ్యాండ్స్ షర్టు మడిస్తే కనిపించేది అవే కదా, అందుకే ఈ ఏడాది వాటి మీద పడ్డాను. కొన్నవి, చేసుకున్నవి ఎలా ఉన్నాయో చెప్తా.

ముందు కోఠిలో ఒక స్పోర్ట్స్ షాపులో 250 పెట్టి పిడికిట్లో పెట్టి నొక్కే ప్లాస్టిక్ గ్రిప్పర్ కొన్నాను, అదే, మధ్యలో చక్రం తిప్పితే 5 కిలోల నుంచి 60 కిలోల దాకా మారుతుందే, అది. రెండో రోజుకే 60 మీద పెట్టి టకటకా నొక్కేస్తున్నా. అబ్బో మనకి ఇంత బలం ఉందా అని మురిసిపోతుంటే మా చెల్లి కూడా తీసుకుని నొక్కేసింది, నా గాలి మొత్తం పోయింది. మా జిమ్‌లో ఒకాయన దగ్గర కెప్టెన్స్ ఆఫ్ క్రష్ అనే స్టీలు గ్రిప్పర్ ఉంది, దాంట్లో నెంబర్ 1 అంటే 140 పౌండ్లు, మన లెక్కలో 63 కిలోలు. నేను రెండు చేతులూ పెడితే గానీ మూసుకోలేదు. ప్లాస్టిక్ దాని మీద రాసిన అంకెల విలువ ఎంతో అక్కడే తెలిసిపోయింది. మూడో వారం స్ప్రింగు గాడిలోంచి జారిపోయింది, తీసుకెళ్తే షాపతను "సేల్ అయిన మాల్ వాపస్ ఉండదన్నా" అన్నాడు, బిల్లు కూడా చూడలేదు.

స్ప్రింగు బాగున్నా లాభం అంతంతే లెండి. గ్రిప్పర్‌తో వేళ్లు మూసుకుంటాయి, అంతే. మణికట్టు కదలదు, ముంజేయి పైవైపు కండకి సరైన పని పడదు. టీవీ చూస్తూ రెండొందలసార్లు నొక్కితే ఓపిక పెరుగుతుందేమో గానీ సైజు రాదు.

తర్వాత రాడ్డుకి తొడిగే లావు రబ్బరు గ్రిప్పులు కొన్నా, జత 600. మామూలు రాడ్డు మందం 28 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇవి తొడిగితే రెట్టింపు అవుతుంది. 12 కిలోల డంబెల్‌తో హ్యామర్ కర్ల్ (బొటనవేలు పైకి ఉండేలా పట్టుకుని మోచేయి మడవడం) కొట్టేవాడిని 8కి దిగాను. మోచేతి దగ్గర బొటనవేలి వైపు ఉబ్బెత్తుగా కనిపించే కండకి హ్యామర్ కర్ల్, రివర్స్ కర్ల్ (అరచేయి కిందికి పెట్టి ఎత్తడం) రెండూ బాగా తగులుతాయి, గ్రిప్పులతో ఇంకా బాగా తగులుతాయి. నేల మీంచి బరువు ఎత్తే డెడ్‌లిఫ్ట్‌కి మాత్రం వాడకండి, వీపు అలిసేలోపే రాడ్డు చేతిలోంచి జారిపోతుంది. మే నెలలో చెమటకి పట్టు దొరకదు, పైగా కొత్తలో వారం రోజులు చేతులు టైరు వాసన.

అసలు సరుకు మూడోది. రాణిగంజ్‌లో పీవీసీ పైపు ముక్క, నాలుగడుగుల నైలాన్ తాడు, అంతా కలిపి 180. పైపు మధ్యలో బెజ్జం పెట్టించి తాడు కట్టి, కింద రెండున్నర కిలోల ప్లేటు వేలాడదీశా. రెండు చేతులతో పైపుని తిప్పుతూ ప్లేటుని పైకి చుట్టాలి, మళ్లీ అంతే నిదానంగా దించాలి. ముందు అందరిలాగే చేతులు బారుగా చాచి చేస్తే ముంజేతుల కంటే ముందు భుజాలు చచ్చిపోయాయి. ఇప్పుడు డాబా మీద పిట్టగోడకి మోచేతులు ఆనించి, ప్లేటుని గోడ అవతలికి వేలాడదీసి చేస్తున్నా (కింద ఎవరూ లేరని చూసుకుని, ముందే చెప్తున్నా). రెండు రౌండ్లకే ముంజేయి రాయిలా బిగుసుకుంటుంది, ఆ తర్వాత కాసేపు మంచినీళ్ల సీసా మూత కూడా తిప్పలేం. ఒక రౌండు ముందుకి, ఒక రౌండు వెనక్కి తిప్పితే పైవైపు, లోపలివైపు రెండూ పడతాయి.

పైవైపు వదిలేసి రోజూ పిసకడమే చేసినందుకో ఏమో, నాకు మోచేయి బయటివైపు నొప్పి పట్టుకుంది. టీ గ్లాసు ఎత్తినా కలుక్కుమనేది. ఫిజియో దగ్గరికి పోతే తక్కువ బరువుతో రివర్స్ రిస్ట్ కర్ల్ (అరచేయి కిందికి పెట్టి మణికట్టు మాత్రమే పైకి ఎత్తడం) చేయమని, దించేటప్పుడు బాగా నెమ్మదిగా దించమని చెప్పింది. వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తెరవడం కూడా. ఆరు వారాలు పట్టింది తగ్గడానికి.

పైసా ఖర్చు లేనిది ఇంకోటి ఉంది. మా లిఫ్టు పాడైనప్పుడల్లా 20 లీటర్ల బబుల్ క్యాన్లు చెరొక చేత్తో, క్యాను మెడ దగ్గర పట్టుకుని మూడో అంతస్తుకి మోస్తా. జిమ్‌లో ఫార్మర్స్ వాక్ అని చేయించేది ఇదే.

ముంజేతి కంకణానికి అద్దం ఎందుకంటారు గానీ నాకైతే టేపు కావాల్సి వచ్చింది. నాలుగు నెలల్లో అర అంగుళం, అదీ పొద్దున్నే, వ్యాయామానికి ముందు కొలిస్తే. చేసిన వెంటనే కొలిచి మురిసిపోకండి, అది నెత్తురు ఉబ్బు, గంటలో దిగిపోతుంది. మణికట్టు ఎముక ఎలాగూ పెరగదు.

పైపు కొనేవాళ్లు ఒకటిన్నర అంగుళాలది, గోడ మందంగా ఉన్నది అడగండి. నేను పది రూపాయలు మిగులుతాయని పల్చటిది తెచ్చుకుంటే మొదటి వారమే బెజ్జం దగ్గర చీలింది.