పైథాన్ సబ్‌ప్రాసెస్: సర్వర్ గదిలో ఏళ్లుగా వాడుతున్న అనుభవం

గాజువాక ఆటోనగర్‌లో డ్రాయింగ్ పనులు చేసే ఒక ఆఫీసు కంప్యూటర్లను నేను చూసుకుంటాను. విశాఖలో మెషీన్లకు ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత, ఉప్పుగాలి కూడా చేటే. ఫ్యాన్ రెక్కలకు జిడ్డులా దుమ్ము పట్టేస్తుంది, కనెక్టర్లు తుప్పు పడతాయి. సాయంత్రం ఏసీలు ఆపేశాక సర్వర్ గది ఇంకా ఉడుకుతుంది. అందుకే డిస్కుల వేడి, ఫ్యాన్ల వేగం మీద రాత్రీ పగలూ కన్నేసి ఉంచాలి. ఆ పని ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు చేస్తోంది. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్, వేడి, ఫ్యాన్ల వేగం చెప్పే సెన్సర్స్ అనే లినక్స్ కమాండ్లను నడిపి, వాటి అవుట్‌పుట్‌ను సబ్‌ప్రాసెస్‌తో పట్టుకుంటుంది. పైథాన్ నుంచి వేరే కమాండ్లను నడిపించే మాడ్యూల్ అది. మా స్థాయి ఆఫీసుకు ఇది చాలు, పెద్ద మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఈ మాడ్యూల్లో కమాండును నడిపే రన్ అనే ఫంక్షన్ 2015లో పైథాన్ 3.5తో వచ్చింది. అవుట్‌పుట్‌ను పట్టి ఇచ్చే క్యాప్చర్ అవుట్‌పుట్ అనే ఆప్షన్ 2018లో 3.7తో చేరాక వాడకం మరీ హాయిగా మారింది. పాత పద్ధతిలో పీఓపెన్ అనే క్లాసుతో పైపు (కమాండు అవుట్‌పుట్ మన స్క్రిప్టుకు వచ్చే దారి) తెరిచి, చదవకుండా వెయిట్ చేస్తే, పైపు నిండగానే కమాండు అక్కడే ఆగిపోయేది. లినక్స్‌లో పైపు పట్టేది మామూలుగా 64 కిలోబైట్లే. రన్ ఆ బాధ తీర్చేసింది. కమాండును ఒకే వాక్యంగా కాక ముక్కల లిస్టుగా ఇస్తే, మధ్యలో షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము) గొడవే ఉండదు.

అసలు చెప్పాల్సింది ఎగ్జిట్ కోడ్ గురించి, అంటే కమాండు ముగిశాక తిరిగిచ్చే నంబరు గురించి. చాలా ఉదాహరణల్లో రన్‌కు ఉన్న చెక్ అనే ఆప్షన్‌కు ట్రూ ఇచ్చేస్తారు, అంటే కోడ్ సున్నా కాకపోతే ఎక్సెప్షన్ (స్క్రిప్టును ఆపే ఎర్రర్) వస్తుంది. స్మార్ట్‌సీటీఎల్ దగ్గర అలా అస్సలు చేయకండి. అది ఇచ్చే నంబరులో ఒక్కో బిట్‌కు ఒక్కో అర్థం. 2 అంటే డిస్కు తెరవలేకపోయింది, 8 అంటే డిస్కు చెడిపోతోంది, 64 అంటే డిస్కు తన ఎర్రర్ లాగ్‌లో ఏదో రాసుకుంది. మా దగ్గర ఒక డిస్కు ఆరోగ్యం బాగుందనే రిపోర్టు ఇస్తూనే ప్రతిసారీ 64 ఇస్తుంది. ఎప్పుడో పడిన పాత ఎర్రర్ లాగ్‌లో ఉండిపోయింది, అంతే. అక్కడ చెక్ ట్రూ ఉంటే మంచి డిస్కుకు రోజూ అలారం మోగుతుంది. కొన్నాళ్లకు ఆ అలారం ఎవరూ పట్టించుకోరు, నిజంగా 8 వచ్చిన రోజు కూడా దాన్ని చూసేవాళ్లుండరు. కాబట్టి కోడ్‌ను బిట్లుగా విడదీసి చూడండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. నిద్రలో ఉన్న డిస్కును లేపకుండా స్టాండ్‌బై ఆప్షన్ పెడితే, అది నిద్రపోతున్నప్పుడు కూడా 2 వస్తుంది. తెరుచుకోని డిస్కుకూ 2, పడుకున్న డిస్కుకూ 2! ఆప్షన్ పక్కన కామా పెట్టి వేరే నంబరు ఇవ్వొచ్చు, నేను 3 ఇస్తాను.

అవుట్‌పుట్‌ను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో (అక్షరాల నమూనాలతో) చీల్చే పని నేనైతే మానేశాను. స్మార్ట్‌సీటీఎల్ 7.0 నుంచీ జేసన్ (ప్రోగ్రాములు తేలిగ్గా చదవగలిగే డేటా రూపం) ఇస్తోంది, సెన్సర్స్ కూడా ఇస్తుంది. డిగ్రీ గుర్తు టెర్మినల్‌లో ఒకలా, క్రాన్‌లో (స్క్రిప్టులను టైముకు నడిపే లినక్స్ ఏర్పాటులో) ఒకలా వచ్చే తలనొప్పి దాంతో పోయింది. కమాండు ఎర్రర్ మెసేజ్‌లు రాసే ఎస్‌టీడీఎర్ర్‌ను మాత్రం అవుట్‌పుట్‌తో కలపకండి. ఒక్క సెన్సర్ చదవలేకపోయినా అక్కడ ఒక లైను పడుతుంది, కలిపితే జేసన్ మొత్తం పాడవుతుంది. క్రాన్‌లో నడిపేవాళ్లు కమాండుకు పూర్తి పాత్ ఇవ్వాలి, ఎందుకంటే స్మార్ట్‌సీటీఎల్ ఉండే ఎస్‌బిన్ ఫోల్డరు, క్రాన్ కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో (పాత్‌లో) సాధారణంగా ఉండదు.

నాకు నచ్చనిది రన్‌కు గడువు పెట్టే టైమౌట్ ఆప్షన్. గడువు దాటితే రన్ ఆ కమాండును చంపి, అది పోయేదాకా ఎదురుచూస్తుంది. డిస్కు పూర్తిగా మొరాయిస్తే నడుస్తున్న ఆ కమాండు కెర్నెల్‌లో (లినక్స్ మూల భాగంలో) ఇరుక్కుంటుంది, చంపినా చావదు. దాంతో రన్ కూడా అక్కడే కూర్చుంటుంది. డిస్కు పోతున్న గంటలోనే కాపలా స్క్రిప్టు నోరు మూసుకుంటుందన్నమాట! ఇది పైథాన్ తప్పని నేననను, కానీ టైమౌట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే చిక్కుల్లో పడతారు. అందుకే స్క్రిప్టు పని ముగిశాక ఒక ఫైలులో టైమ్ రాస్తుంది. ఆ ఫైలు పాతబడిందా అని ఇంకో మెషీన్ చూస్తూ ఉంటుంది, పాతబడితే ఫోనుకు మెసేజ్ పంపుతుంది.