ఆసు, గడ్డపార, పత్తి మొగ్గ: తేడా పుట్టుకదా, పెంపకందా?

పాలమూరు కూలీలు మట్టిపని చేసే చోట గడ్డపార మగవాళ్ళ చేతిలో, తట్ట ఆడవాళ్ళ నెత్తిన కనిపిస్తుంది. ‘వాళ్ళ ఒంటి తీరే అంత’ అంటారు కొందరు. ‘చిన్నప్పటి నుంచి అట్ల అలవాటు చేసిన్రు’ అంటారు ఇంకొందరు. అన్ని తేడాలకూ కలిపి ఒకే తీర్పు చెప్పబోతే రెండు పక్షాలూ ఓడిపోతాయి. ఒక్కో తేడాను విడిగా తూచాలి.

గడ్డపార దగ్గర పుట్టుకదే పైచేయి. పదేళ్ళలోపు ఆడపిల్లకూ మగపిల్లవాడికీ కండబలంలో పెద్ద తేడా ఉండదు. ఈడొచ్చాక మగవాళ్ళలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఎగబాకుతుంది. ఎదిగిన మగవాడి రక్తంలో డెసిలీటరుకు సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములుంటే, ఆడవాళ్ళలో 15 నుంచి 70 దాకా ఉంటుంది. సగటున ఆడవాళ్ళ చేతులు, భుజాల బలం మగవాళ్ళ దాంట్లో సగానికి కాస్త ఎక్కువ. కాళ్ళ బలంలో అంత తేడా లేదు. ఎట్లా పెంచినా ఈ సగటు తిరగబడదు. తట్ట మోసినామెకు కూలి తక్కువ కట్టడం మాత్రం ఏ హార్మోన్ పనీ కాదు.

ఇప్పుడు అదే భుజబలం లెక్కతో ఆసును చూడండి. పోచంపల్లి చీరకు చిటికి కట్టకముందు, అంటే రంగు అద్దడానికి నూలును ముడులు కట్టకముందు, పేక నూలును అర్ధచంద్రాకారపు చట్రం మీది కొయ్యల చుట్టూ పోయాలి. దీన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. రోజుకు రెండు చీరలైతే 18,000. భుజం పట్టేసేది అందుకే. పనులు ఒంటిని బట్టే పంచుకున్నామంటే ఇది బలమైన భుజాలున్న మగవాళ్ళకు పోవాలి కదా! పోలేదు. మగవాళ్ళు మగ్గం గుంటలో కూర్చున్నారు, ఆసు ఇంటి ఆడవాళ్ళ పాలైంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పి చూసి, 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అరిగింది ఒళ్ళే, కానీ ఆ పని ఆమెకు అప్పగించింది ఇంటి ఆనవాయితీ.

గద్వాలలో సంకర విత్తనం కోసం పండించే సీడు పత్తి చేలల్లో వాదన ఇంకో దారి పడుతుంది. సాయంత్రం మొగ్గ రెక్కలను, పుప్పొడి తిత్తులను బొటనవేలి గోటితో ఒలుస్తారు. మర్నాడు పొద్దున మగ రకంగా ఎంచిన మొక్క పువ్వు పుప్పొడిని దాని కీలాగ్రానికి రుద్దుతారు. ఒక్క తిత్తి మిగిలిపోయినా స్వపరాగ సంపర్కం జరిగి విత్తనం కల్తీ అవుతుంది. గోరు లోతుగా దిగి అండాశయం గీసుకుంటే మొగ్గ రాలిపోతుంది. ‘ఆడపిల్లల వేళ్ళకే ఈ పని వస్తది’ అని చెప్పి బడి ఈడు పిల్లల్ని దించిన చేలు ఎన్నో. చిన్న పుల్లలను బెజ్జాల్లో గుచ్చే పరీక్షల్లో ఆడవాళ్ళు కాస్త ముందున్న మాట నిజమే. కానీ 1990లో అచ్చయిన ఒక పరిశోధనలో వేలి మందాన్ని లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా మాయమైంది. అంటే సన్నని వేళ్ళున్న మగపిల్లవాడూ చేయగలడు. పిల్లల్ని పిలవడానికి అసలు కారణం వేళ్ళు కావు, తక్కువ కూలి.

చదువు సంగతి తేల్చడం తేలిక. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత మగవాళ్ళలో దాదాపు 65 శాతం, ఆడవాళ్ళలో 45 శాతం. పదో తరగతి ఫలితాల్లో మాత్రం రాష్ట్రంలో ఏటా ఆడపిల్లలదే పైచేయి. ఒక్క తరంలో జన్యువులు మారవు.

‘తరతరాలుగా ఇంతే కదా’ అనే వాదనకు నల్లగొండలోనే జవాబుంది. ఒకే ఇంట్లో తాతకు, తండ్రికి, కొడుక్కి కాళ్ళు వంకరపోతే వంశపారంపర్యం అనుకోవడం సహజం. కానీ మర్రిగూడ వైపు ఎముకలు వంచింది బోరునీళ్ళలోని ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పని తెలిసిందే.

మరీ పెంపకం వైపు ఒరిగినా తప్పే. కడుపులో ఉన్నప్పుడు అడ్రినల్ గ్రంథి లోపం వల్ల మగ హార్మోన్ల ప్రభావం ఎక్కువగా పడిన ఆడపిల్లలు, ఆడపిల్లలుగానే పెరిగినా, సగటున మగపిల్లల బొమ్మల వైపు ఎక్కువ మొగ్గుతారు. కెనడాలో మగబిడ్డగా పుట్టిన డేవిడ్ రైమర్‌ను సున్తీలో జరిగిన ప్రమాదం తర్వాత ఆడపిల్లగా పెంచారు. టీనేజీలో నిజం తెలిశాక మగవాడిగానే బతికాడు. ఒక్క మనిషి కథతో శాస్త్రం తేలదు, కానీ ‘పెంపకమే సర్వం’ అన్న మాటకు అది గట్టి దెబ్బ.

పుట్టుక, పెంపకం రెండూ పెనవేసుకుపోయిన చోటు రక్తం. నెలసరిలో సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు పోతుంది. మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము చొప్పున లెక్కేస్తే 15 నుంచి 20 మిల్లీగ్రాముల ఇనుము. అందుకే జాతీయ పోషకాహార సంస్థ రోజుకు మగవాడికి 19, ఆడవాళ్ళకు 29 మిల్లీగ్రాములు కావాలంటుంది. ఈ అవసరం పుట్టుకతో వచ్చింది. అందరూ తిన్నాక అడుగున మిగిలిన కూరతో సరిపెట్టుకోవడం పుట్టుకతో రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 25 శాతం రక్తహీనతతో ఉన్నారు. ఇంట్లో మొదటి పనిగా ఆమె కంచంలో ఆకుకూర, పప్పు ముందే వడ్డించి, ఇనుము ఒంటికి పట్టేలా పక్కన ఒక నిమ్మబద్ద పెట్టండి. చాయ్ మాత్రం తిన్న గంట తర్వాతే.