గది బాగుంది, గొట్టం మాత్రం 16 రోజులు ఉండిపోయింది

నాన్న తుంటి ఎముక ఆపరేషన్‌కి 25 రోజులు ఉన్నాం. ఆసుపత్రి పేరు రాయను, గొడవలు పడే ఓపిక లేదు. ఆపరేషన్‌కి 5కి 5. డాక్టర్ చెయ్యి మంచిది, నాలుగో రోజుకే వాకర్ పట్టుకుని నాన్న వరండా దాకా నడిచారు. క్యాంటీన్ ఇడ్లీ కూడా బాగుంటుంది. నేను 2 స్టార్లే ఇస్తున్నది మూత్రం గొట్టానికి (క్యాథెటర్).

మనిషి నడుస్తుంటే గొట్టం ఎందుకని ఒకటికి రెండుసార్లు అడిగాను. "ఉండనివ్వండమ్మా, రాత్రిళ్లు లేవక్కర్లేదు" అన్నారు. షుగర్ వల్ల కుట్లు ఆరక మేం అక్కడే ఉండిపోయాం, మాతోపాటు గొట్టమూ ఉండిపోయింది. 13వ రోజు చలిజ్వరం. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. రెండు రోజులు తగ్గి, మళ్లీ దుప్పటి కప్పినా ఆగని వణుకు. వార్డ్‌బాయ్ వచ్చి గొట్టానికి తగిలించిన మూత్రం సంచిలోంచే శాంపిల్ పట్టుకెళ్లాడు.

16వ రోజు పొద్దున డ్యూటీకి వచ్చిన కేరళ సిస్టర్ కేస్‌షీట్ చూసి, "ఇది ఇంకా ఎందుకుంది?" అని నన్నే అడిగింది! డాక్టర్‌కి ఫోన్ చేసి గొట్టం తీయించేసింది. సంచిలో నిలవున్న మూత్రం పరీక్షకి పనికిరాదని ఆ శాంపిల్ పారబోయించి, కొత్తది పంపించింది. తీసిన గొట్టం చివర నాకు చూపించింది. చెరువు మెట్ల మీద పాచిలాంటి జిగురు పొర. బయోఫిల్మ్ అంటారట. బ్యాక్టీరియా తన చుట్టూ తానే ఆ జిగురు కట్టుకుని లోపల మందకొడిగా బతుకుతుంది. దాన్ని చంపాలంటే మందు ఒక్కోసారి వెయ్యి రెట్లు కావాల్సి వస్తుందట, అంత మందు మనిషికి ఎక్కించలేం. మూత్రంలో తేలేవి చచ్చినా పొరలోవి మిగిలి మళ్లీ దిగుతాయి. గొట్టం ఉన్న ప్రతి రోజుకీ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం అని కూడా ఆవిడే చెప్పింది.

రెండు రోజులకి కల్చర్ రిపోర్ట్ (ఏ బ్యాక్టీరియా, ఏ మందుకి లొంగుతుంది అని చెప్పేది) వచ్చింది. క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. మందుల పట్టికలో సెఫ్ట్రియాక్సోన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి వాటి పక్కన 'ఆర్' అనే అక్షరమే, అంటే ఆ మందుకి లొంగదని. ఇఎస్‌బిఎల్ రకమట, మందునే విరగ్గొట్టే ఎంజైమ్ తయారుచేస్తుంది. అంటే మేం ఎక్కించుకున్న ఇంజక్షన్లకి అది లొంగేదే కాదు. మెరోపెనెమ్ అనే ఇంకో యాంటీబయాటిక్ పక్కన 'ఎస్' (లొంగుతుందని) చూశాక గానీ నాకు టెన్షన్ తగ్గలేదు. ఏడు రోజులు ఎక్కించారు. గొట్టం కూడా లేదు కాబట్టి జ్వరం మళ్లీ తిరిగి రాలేదు.

మీవాళ్లకి గొట్టం పెడితే రోజూ పొద్దున రౌండ్స్‌లో "ఇవాళ తీసేయొచ్చా?" అని అడగండి. విసుక్కుంటారు, అయినా అడగండి. సంచి నేలకి తగలనివ్వకండి, నడిపించేటప్పుడు నడుం కంటే పైకెత్తకండి.

డిశ్చార్జ్ బిల్లులో ఒక లైన్ ఉంది: "క్యాథెటర్ కేర్, 16 రోజులు". రోజులు లెక్కపెట్టింది బిల్లింగ్ కౌంటర్ వాళ్లొక్కరే.