పరిశ్రమల కెమెరాతో 4కె సినిమా: గ్రాస్‌హాపర్3 సమీక్ష

బరంపురంలో పట్టు మగ్గం నడుస్తుండగా పక్కనుంచి మామూలు మిర్రర్‌లెస్ కెమెరాతో తీసి చూడండి. పేకను దగ్గరకు కొట్టే చట్రం ఏటవాలుగా వంగినట్టు కనిపిస్తుంది. సెన్సర్ పై వరస నుంచి కింది వరసకు చదువుకుంటూ వచ్చేలోపు చట్రం జరిగిపోతుంది కాబట్టి ఆ వంపు. నౌపడ–గుణుపురం రైలు కిటికీలోంచి తీసిన కరెంటు స్తంభాలూ ఇందుకే వంగుతాయి. ఫ్యాక్టరీల్లో సీసా మూతలూ సర్క్యూట్ బోర్డులూ తనిఖీ చేసే కెమెరాల్లో చాలావాటికి ఈ జబ్బు లేదు. వాటిది గ్లోబల్ షట్టర్, ఫ్రేమంతా ఒకే క్షణంలో పడుతుంది.

ఆ జాతిలో సినిమాకు బాగా అమరేది గ్రాస్‌హాపర్3 జీఎస్3-యూ3-89ఎస్6సి. పాయింట్ గ్రే కంపెనీ తయారుచేసింది. ఆ కంపెనీని 2016లో ఫ్లిర్ కొనేసింది కాబట్టి వాడిన కెమెరాల మీద రెండు పేర్లలో ఏదైనా ఉండొచ్చు. లోపల సోనీ ఐఎంఎక్స్255 సెన్సర్, 4096×2160 పిక్సెళ్లు, అంటే సరిగ్గా థియేటర్ 4కె కొలత. పెట్టె 44×29×58 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 90 గ్రాములు. తెర, బ్యాటరీ, మైకు, కార్డు ఏవీ ఉండవు. ఒక యూఎస్‌బీ 3 తీగ లాప్‌టాప్‌కు వెళ్తుంది, మిగతా పనంతా లాప్‌టాప్‌దే. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 2009లో ఛాయాగ్రహణానికి ఆస్కార్ అందుకున్న స్లమ్‌డాగ్ మిలియనీర్ కోసం ముంబై వీధుల్లో వాడిన ఎస్ఐ-2కె కూడా పరిశ్రమల కెమెరాలు చేసే కంపెనీ నుంచే వచ్చింది. దాని చిన్న తల చేతిలో ఉంటే రికార్డు చేసే కంప్యూటర్ వీపు సంచిలో ఉండేది.

కొనేముందు ఈ లెక్క చూసుకోవాలి. ఒక ఫ్రేములో 88.5 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కు 12 బిట్లు ప్యాక్ చేసి పంపితే ఫ్రేము 13.3 ఎంబీ, సెకనుకు 24 ఫ్రేములంటే దాదాపు 320 ఎంబీ. యూఎస్‌బీ 3 మీద నికరంగా వచ్చేది 380 ఎంబీ చుట్టుపక్కల. అంటే 12 బిట్లలో 24, 25 ఫ్రేములు హాయిగా వెళ్తాయి, 30 వెళ్లవు. కంపెనీ చెప్పే 43 ఫ్రేముల వేగం 8 బిట్లలోనే. దాన్ని నమ్ముకుని 8 బిట్లలో తీయొద్దు. సెన్సర్ 12 స్టాపుల (ఒక్కో స్టాపు అంటే వెలుగు రెట్టింపు) దరిదాపు వెలుగునీడలు పట్టగలదు కానీ, గామా (నీడలకు ఎక్కువ మెట్లు కేటాయించే వంపు) లేని 8 బిట్లలో నీడలన్నీ మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. తర్వాత రంగు దిద్దేటప్పుడు ఆ మెట్లను ఎవరూ పూడ్చలేరు.

1 టీబీ డిస్కులో 52 నిమిషాల వీడియో పడుతుంది. డిస్కు మీద రాసిన వేగం చూసి మోసపోకూడదు. చవక ఎన్‌విఎంఇ డిస్కులు మొదట కొంతసేపు పరుగెత్తి, లోపలి కాష్ నిండగానే చతికిలపడతాయి. అక్కడినుంచి ఫ్రేములు రాలడం మొదలు. పది నిమిషాల షాట్ అంటే 191 జీబీ, అంతసేపూ సెకనుకు 400 ఎంబీకి తగ్గకుండా రాసే డిస్కే కావాలి. అది లేకపోతే మెమరీలోకే రికార్డు చేసుకోవచ్చు. 10 జీబీ ఖాళీ ఉంటే అర నిమిషం షాట్ పడుతుంది, కట్ చెప్పాక డిస్కులోకి దించుకోవచ్చు. చిన్న షాట్లతో కథ చెప్పేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

కెమెరాను నడిపే స్పిన్‌వ్యూ ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో ఎక్స్‌పోజర్, గెయిన్ (సెన్సర్ సంకేతాన్ని పెంచే అమరిక), వైట్ బ్యాలెన్స్ మూడింటికీ ఆటో ఆపేయాలి, గామా కూడా. గెయిన్ 0 దగ్గర ఉంచాలి. ఫ్రేమ్ రేటు 24, ఎక్స్‌పోజర్ 20,000 మైక్రోసెకన్లు. పుస్తకాల్లో చెప్పే 1/48 సెకను మన దగ్గర వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్ల గుణిజంగా ఉంటే ఆ మినుకు ఫ్రేములోకి రాదు. లినక్స్ వాడేవాళ్లు యూఎస్‌బీఎఫ్‌ఎస్ మెమరీని (యూఎస్‌బీ డేటాకు లినక్స్ కేటాయించే జాగా) 16 ఎంబీ నుంచి 1000 ఎంబీకి పెంచాలి, లేకపోతే 4కె చిత్రం అసలు నిలవదు. విండోస్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ (పోర్టును నిద్రపుచ్చే సెట్టింగు) ఆపాలి. తీగ 3 మీటర్లు దాటకూడదు, మరలతో బిగించే రకమే కొనాలి. మామూలు మైక్రో-బి తీగ కాస్త కదిలినా షాట్ మధ్యలో కెమెరా మాయమవుతుంది. ప్రతి షాట్ తర్వాత ఫ్రేమ్ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకోండి. తెరమీద ప్రివ్యూ సాఫీగా నడిచిందంటే డిస్కులోకి అన్నీ చేరాయని కాదు.

లెన్సు బిగించే అమరిక సి-మౌంట్. సెన్సర్ వికర్ణం 16 మిల్లీమీటర్లు కాబట్టి '1 అంగుళం' అని రాసి ఉన్నవే తీసుకోవాలి. 2/3 అంగుళాల లెన్సు 11 మిల్లీమీటర్లకే సరిపోతుంది, మూలలు నల్లబడతాయి. కోవా హెచ్‌సీ వరసలో 12.5, 16, 25 మిల్లీమీటర్ల లెన్సులు మూడూ ఎఫ్1.4. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో ఇవి సుమారు 32, 41, 64. ఫోకస్ రింగు చిన్నది, గేర్లు లేవు, నటుడు నడుస్తుంటే ఫోకస్ లాగడం కష్టం. గోపాలపూర్ తీరం లాంటి ఎండలో ఐరిస్ బాగా మూసేయాలనిపిస్తుంది. పిక్సెల్ 3.45 మైక్రాన్లే కాబట్టి ఎఫ్8 దాటితే బొమ్మ మెత్తబడుతుంది. అక్కడ వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వాడాలి.

దీని అసలు బలహీనత మన చీరల దగ్గరే బయటపడుతుంది. సెన్సర్ ముందు మెత్తబరిచే ఫిల్టర్ లేదు. బరంపురం పట్టు కుంభం అంచులోని సన్న నేత పిక్సెళ్ల వరసతో కలిసి ఆకుపచ్చ, గులాబీ అలలుగా మెరుస్తుంది. కెమెరాను కొంచెం ముందుకో వెనక్కో జరిపితే అలలు పోతాయి. లేదా ఫోకస్ వెంట్రుకవాసి తప్పించాలి. ఎడిటింగ్‌లో వాటిని తీసేయడం దాదాపు అసాధ్యం.

రాత్రి బరంపురం ఠాకురాణీ జాతర జనంలో తిరుగుతూ తీయడానికి ఇది వద్దు. గెయిన్ 12 డీబీ దాటితే గరుకు బాగా కనిపిస్తుంది, పైగా లాప్‌టాప్ మోస్తూ ఆ తోపులాటలో నిలబడలేరు. పెళ్లిళ్లకూ అంతే. స్టాండు మీద పెట్టి, లైటు కట్టుకుని, షాట్ షాట్‌కూ ఆలోచించి తీసే లఘుచిత్రానికీ, చేతిపనుల డాక్యుమెంటరీకీ మాత్రం ఈ ఖర్చులో ఇంత శుభ్రమైన కదలిక వేరే చోట దొరకడం కష్టం. ధ్వనికి వేరే రికార్డరూ క్లాపూ తప్పనిసరి. వేసవిలో పెట్టె బాగా వేడెక్కుతుంది. అల్యూమినియం పలకకు బిగిస్తే వేడి దానిలోకి దిగి చుక్కల నాయిస్ తగ్గుతుంది.

రా ఫ్రేములను సినిమాడీఎన్‌జీ ఫైళ్లుగా మార్చి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో తెరవాలి. బేయర్ వరస (సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిక్సెళ్లు అమరిన క్రమం) తప్పుగా రాస్తే ముఖాలు నీలంగా వస్తాయి. మొదటి రోజే రంగుల చార్టు ఒకటి తీసి ఉంచుకోండి.

వాడినది కొంటే మోడల్ పేరులో 89ఎస్6 వెంటనే వచ్చే అక్షరం చూడండి. 'సి' ఉంటే రంగు, 'ఎం' ఉంటే నలుపు తెలుపు. ధర తక్కువని ఎం తీసుకుంటే రంగు ఎప్పటికీ రాదు. లెన్సు మూత పెట్టి, గెయిన్ పెంచి, ఒక సెకను ఎక్స్‌పోజర్‌తో నల్ల ఫ్రేము పంపమనండి. అక్కడక్కడా చుక్కలుంటే ఫర్వాలేదు, నిలువు గీతలుంటే వదిలేయండి. తర్వాత తెల్ల గోడను ఎఫ్11 దగ్గర తీయమనండి, గాజు మీది దుమ్మూ గీతలూ అందులో తేలతాయి.