సింథటిక్ ఇంజిన్ ఆయిల్ మార్చడానికి మీటర్ చూడాలా, క్యాలెండర్ చూడాలా?

మా అన్నయ్య కారు హైదరాబాద్–విజయవాడ హైవే మీదే తిరుగుతుంది. ఆరు నెలలకే 10,000 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి ఆయనకు మీటరే లెక్క. నాది కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఆఫీసుకు మూడు కిలోమీటర్లు పాకే బండి. ఏడాదికి 2,000 కూడా తిరగదు కదా, అదే ఆయిల్‌తో ఇంకో ఏడాది లాగిద్దాం అనుకున్నాను. అక్కడే పొరపాటు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపలి తేమ, కాలని పెట్రోలు ఆవిరి కాకుండా ఆయిల్‌లోనే ఉండిపోతాయి. మొన్న జనవరిలో ఆయిల్ మూత తీస్తే దాని అడుగున మీగడలాంటి జిగురు! (కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కూడా తగ్గుతుంటే మాత్రం అది వేరే రోగం, వెంటనే చూపించాలి.) హైవే బండిలో ఆ తేమ వేడికి ఎగిరిపోతుంది. చాలా మాన్యువల్స్‌లో ‘10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది’ అనే ఉంటుంది. నాకు క్యాలెండరే ముందొస్తుంది.