నొప్పులు వచ్చేదాకా ఆగాలా, రప్పించుకోవాలా: రెండు ఆసుపత్రులు చూశాక నా రివ్యూ

రేటింగ్ ముందే ఇచ్చేస్తున్నా. రెండో ఆసుపత్రి కౌన్సెలింగ్‌కి 5, ఇండక్షన్‌కి (అంటే నొప్పులు రప్పించడానికి) 4, లేబర్ రూమ్ మంచానికి 1. మొదట వెళ్లిన ఆసుపత్రిలో కాన్పు చేయించుకోలేదు, మధ్యలోనే ఫైల్ పట్టుకుని బయటికొచ్చేశా, కాబట్టి దానికి నంబర్ ఇవ్వను, జరిగింది మాత్రం చెప్తా.

నాది తొలి కాన్పు. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ తల కిందికే ఉంది, ఉమ్మనీరు బాగుంది, మూడో నెలలోపు చేసిన స్కాన్‌తో డ్యూ డేట్ పక్కాగా తేలింది. మీకు బీపీ పెరిగినా, బిడ్డ ఎదుగుదల తగ్గిందన్నా, ఉమ్మనీరు తగ్గిందన్నా, ఉమ్మనీరు పోయి కూడా నొప్పులు రాకపోయినా మీ లెక్క వేరు. అక్కడ నొప్పులు రప్పించడం వైద్యం, మీ డాక్టర్ మాట వినండి. నేను రాసేది ఏ కారణమూ లేకుండా, కావాలని రప్పించుకోవడం గురించి.

మొదటి ఆసుపత్రిలో 38 వారాల 5 రోజులకి చెకప్‌కి వెళ్తే మేడం ఫైల్ తిరగేసి, "సోమవారానికి 39 దాటతాయి, వచ్చి చేరిపోండి, జెల్ పెట్టి నొప్పులు రప్పిద్దాం" అన్నారు. ఎందుకు మేడం, ఏమైనా ఇబ్బందా అని అడిగితే, "ఇబ్బందేం లేదమ్మా, ఎలాగూ కనాల్సిందేగా" అని నవ్వేశారు. సరే అని పీవీకి, అంటే చెయ్యి పెట్టి లోపల చూసే పరీక్షకి పడుకుంటే ఉన్నట్టుండి ప్రాణం పోయినంత నొప్పి. అయిపోయాక గ్లవ్స్ తీస్తూ, "కొంచెం స్వీప్ కూడా చేశాలే, మంచిదే" అన్నారు. స్వీప్ అంటే గర్భసంచి ముఖద్వారం లోపలికి వేలు పోనిచ్చి, బిడ్డ చుట్టూ ఉండే పొరని గర్భసంచి గోడ నుంచి కాస్త విడదీయడం. దాంతో శరీరంలోనే ప్రోస్టాగ్లాండిన్లు అనే, ముఖద్వారాన్ని మెత్తబరిచే పదార్థాలు విడుదలై నొప్పులు మొదలయ్యే అవకాశం పెరుగుతుంది. పద్ధతి మంచిదే, చాలామందికి పనిచేస్తుంది కూడా, కానీ చేసే ముందు ఒక్క మాట అడగాలి కదా! బయటికి రాగానే కౌంటర్ దగ్గర అమ్మాయి, "సోమవారం స్లాట్ బ్లాక్ చేశాం మేడం" అంది, సినిమా టికెట్ బుక్ చేసినట్టు. మా ఆయన మొహం చూశా, ఆయన నా మొహం చూశాడు, ఫైల్ తీసుకుని వచ్చేశాం.

నిజం చెప్పాలంటే ఆ మేడం చెప్పిన సలహా తప్పేం కాదు. అది నాకు తర్వాత తెలిసింది, అందుకే ఇంత పొడుగు రివ్యూ.

రెండో ఆసుపత్రిలో సెకండ్ ఒపీనియన్ కోసం వెళ్తే అక్కడి డాక్టర్ గారు మొదట అడిగిన ప్రశ్న, "మీకేం అనిపిస్తోంది? రప్పించుకోవాలనుందా, ఆగాలనుందా?" అని. నాకు ఏడుపొచ్చేసింది. తొమ్మిది నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. నిద్ర పట్టట్లేదు మేడం, నడుం విరిగిపోతోంది, కదలిక కాస్త తగ్గినా గుండె ఆగిపోతోంది, ఈయన సెలవు పది రోజులే ఉంది, అర్ధరాత్రి నొప్పులొస్తే ఎవరు తీసుకెళ్తారో అని టెన్షన్, ఇలా కారణాలన్నీ చెప్పుకుంటూ పోయా, అదేదో తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఆవిడ, "ఇవన్నీ కారణాలే, సిగ్గుపడాల్సినవి కావు, అయితే వీటికోసం ఏం ఇచ్చుకుంటున్నారో తెలుసుకుని నిర్ణయించుకోండి" అన్నారు.

తర్వాత లెక్కలు చెప్పారు. మా అమ్మ, అత్తయ్య ఇద్దరూ, మందు పెట్టి నొప్పులు రప్పిస్తే చివరికి కోతే అని గట్టిగా నమ్ముతారు, నేనూ అదే అడిగా. అమెరికాలో 41 ఆసుపత్రుల్లో అరైవ్ అనే ట్రయల్ చేశారట, 2018లో ఫలితాలు వచ్చాయి. నాలాంటి వాళ్లే, తొలి కాన్పు, ఏ ఇబ్బందీ లేనివాళ్లు, 6 వేల మందికి పైగా. సగం మందికి 39 వారాలు నిండాక నొప్పులు రప్పించారు, సగం మందిని ఆగమన్నారు. రప్పించిన వాళ్లలో సిజేరియన్ 18.6 శాతం, ఆగిన వాళ్లలో 22.2 శాతం. అంటే పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది. బీపీ పెరిగే సమస్యలు ఆగిన వాళ్లలో 14 శాతం, రప్పించిన వాళ్లలో 9. బిడ్డలకి తీవ్రమైన ఇబ్బందుల విషయంలో మాత్రం గట్టిగా చెప్పగలిగేంత తేడా తేలలేదు.

నేను వెంటనే, అయితే సోమవారమే చేరిపోతా మేడం అన్నా! ఆవిడ నవ్వి, ఇంకో వైపు నుంచి చూడమన్నారు. ఆ తేడా లెక్కన ఒక్క సిజేరియన్ తప్పాలంటే సుమారు 28 మందికి నొప్పులు రప్పించాలి. ఆ 28 మందీ లేబర్ రూమ్‌లో ఎక్కువసేపు ఉండాలి, ఆ ట్రయల్‌లోనే రప్పించిన వాళ్లు సగటున 20 గంటల దాకా ఉంటే ఆగిన వాళ్లు 14 గంటలే ఉన్నారు. ఇంకో సంగతి, అర్హత ఉండి కూడా నాలుగింట మూడొంతుల మంది దాకా ఆ ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకోలేదట. ఇది విన్నాక నాకు భలే ధైర్యం వచ్చింది. ఆగాలనుకోవడం మూర్ఖత్వం కాదన్నమాట, రప్పించుకోవాలనుకోవడం తొందరపాటూ కాదన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే ఏ ఇబ్బందీ లేనివాళ్లకి 41 వారాల లోపు ఇండక్షన్ సిఫార్సు చేయదని, 41 నిండితే చేయమంటుందని కూడా చెప్పారు. అక్కడ మాత్రం ఆవిడ గొంతు మారింది. స్వీడన్‌లో 41 వారాలకి రప్పించాలా, 42 దాకా ఆగాలా అని పోల్చిన అధ్యయనాన్ని, ఆగిన వాళ్లలో ఆరుగురు పసిబిడ్డలు పోవడంతో మధ్యలోనే ఆపేశారట. "41 దాటాక మీరు ఆగుతానంటే నేను మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడతా" అన్నారు.

ఆ తర్వాత అడిగి మరీ పీవీ చేశారు. ఇక్కడ బిషప్ స్కోర్ అని ఒకటుంది, చెకప్‌లో మీరూ అడగండి. ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, ఎంత పలచబడింది, గట్టిగా ఉందా మెత్తగా ఉందా, వెనక్కి ఉందా ముందుకి వచ్చిందా, బిడ్డ తల ఎంత దిగింది, ఈ ఐదింటికి మార్కులు వేసి 13కి లెక్కేస్తారు. ఎనిమిదో ఆపైనో ఉంటే శరీరం సిద్ధంగా ఉన్నట్టు. నాకు వచ్చింది 3. ఇంటర్‌లో లెక్కల పరీక్ష గుర్తొచ్చింది.

మూడంటే ఫెయిలా అని అడిగితే, కాదు, ఆ ట్రయల్‌లో కూడా చాలామందికి స్కోర్ తక్కువే ఉంది, తక్కువ ఉంటే ముందు ముఖద్వారాన్ని మెత్తబరచాలి కాబట్టి టైమ్ ఎక్కువ పడుతుంది, ఆ టైమ్ ఇచ్చే ఓపిక ఆసుపత్రికి ఉండాలి అన్నారు. నా దృష్టిలో మొత్తం మాటల్లో అసలైనది ఇదే. ఎందుకంటే ఆ 18.6 శాతం ఊరికే రాలేదు, ఉమ్మనీరు పోయి నొప్పుల మందు డ్రిప్ నడుస్తున్నా కనీసం 12 గంటలు చూడకుండా ఇండక్షన్ ఫెయిల్ అనొద్దని అక్కడ చెప్పి పెట్టారు. ఉదయం జెల్ పెట్టి, సాయంత్రానికి "ఓపెన్ అవ్వట్లేదమ్మా" అని థియేటర్‌కి తీసుకెళ్లే చోట ఆ లెక్క మీకు వర్తించదు. కాబట్టి మీరు ఏ ఆసుపత్రికి వెళ్లినా అడగాల్సిన ప్రశ్న, ఫెయిల్ అని ఎన్ని గంటలకి అంటారు మేడం? దీనికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. నేను మొదటి చోట అడగలేదు, అడగాలని తెలియదు కూడా.

నా నిర్ణయం: 39కి వద్దు, 40 దాటాక మళ్లీ చూద్దాం, 41 మాత్రం దాటనివ్వం. మధ్యలో రెండు సార్లు ఎన్‌ఎస్‌టీ (పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె చూసే పరీక్ష), కదలిక తగ్గితే ఏ టైమ్ అయినా రావడం. 40 నిండాక ఒకసారి స్వీప్ చేయించుకున్నా, ఈసారి అడిగి చేశారు, నొప్పి అంతే ఉంది గానీ కోపం రాలేదు. రెండు రోజులు నొప్పులొచ్చినట్టే వచ్చి పోయాయి. ఆ వారం రోజులూ ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "ఇంకా కాలేదా" అనడం, నేను "అయితే చెప్పమా" అనడం. ఆగడం సుఖమని ఎవరైనా అంటే నమ్మకండి.

40 వారాల 5 రోజులకి స్కోర్ 5కి వచ్చింది, నేనే రప్పించుకుంటా మేడం అన్నా. రాత్రి ఏడింటికి ఫోలీ బెలూన్ పెట్టారు. మామూలుగా మూత్రానికి వేసే గొట్టమే, దాన్ని ముఖద్వారంలోంచి పైకి పోనిచ్చి చివర ఉన్న బుడగలో సెలైన్ నింపుతారు, ఆ బుడగ ఒత్తిడికి ద్వారం మెల్లగా తెరుచుకుంటుంది. మందు కాదు కాబట్టి నొప్పులు విపరీతంగా పెరిగే భయం తక్కువట. (అదివరకు సిజేరియన్ అయినవాళ్లు ఏ పద్ధతి అన్నది తప్పకుండా విడిగా అడగాలి, కుట్టు విడిపోయే ప్రమాదం వల్ల నొప్పులు రప్పించే మిసోప్రోస్టాల్ లాంటి మందులు వాళ్లకి వాడరు.) రాత్రంతా ఏమీ జరగలేదు. అసలు ఏమీ. మా ఆయన కుర్చీలో గురక, నేను ఫోన్‌లో పాత ఫొటోలు డిలీట్ చేసుకుంటూ. తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్తే బెలూన్ దానంతటదే జారిపోయింది, చూస్తే 4 సెంటీమీటర్లు.

ఎనిమిదింటికి ఉమ్మనీటి సంచి తెరిచి, ఆక్సిటోసిన్ డ్రిప్ మొదలుపెట్టారు. ఆ తర్వాత సంగతి వేరు. సొంతంగా వచ్చే నొప్పులు మెట్టు మెట్టుగా ఎక్కుతాయంటారు, డ్రిప్ నొప్పులు లిఫ్ట్ ఎక్కినట్టు ఎక్కాయి. పదకొండు ప్రాంతంలో ఒకదాని మీద ఒకటి, ఊపిరి తీసుకునే సందు లేదు, సిస్టర్ గారు మానిటర్ కాగితం చూసి, పది నిమిషాల్లో ఆరు వచ్చాయి, ఐదు దాటకూడదు అంటూ వెంటనే డ్రిప్ ఆపి, నన్ను ఎడమ పక్కకి తిప్పి, డాక్టర్‌ని పిలిచింది. బిడ్డ గుండె కాసేపు నెమ్మదించి మళ్లీ మామూలుకొచ్చింది. అరగంట తర్వాత తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టారు. డ్రిప్ పెట్టినప్పుడు మానిటర్ పక్కన మనిషి ఎందుకుండాలో నాకు అప్పుడు అర్థమైంది. ఆ సిస్టర్‌కి విడిగా 5 స్టార్లు, ఆవిడ లేకపోతే ఈ రివ్యూ వేరేగా ఉండేది.

ఒంటిగంటకి ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుం దగ్గర ఇచ్చే మత్తు) తీసుకున్నా. వద్దనుకునే వెళ్లా, తీసుకునే వచ్చా. మూడింటికి 5 సెంటీమీటర్లు, ఆరింటికీ 5 సెంటీమీటర్లే. ఇక సిజేరియనే అనుకుని అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేశా. డాక్టర్ గారు వచ్చి, బిడ్డ బాగుంది, మీరు బాగున్నారు, ఎన్ని గంటలు చూద్దామని మాట్లాడుకున్నామో ఇంకా అంత టైమ్ కాలేదు, చూద్దాం అన్నారు. అంతే, ఆ ఒక్క మాట. రాత్రి 9:40కి పాప పుట్టింది, నార్మల్. బెలూన్ పెట్టిన దగ్గర్నుంచి 26 గంటల 40 నిమిషాలు. సిజేరియన్ అయ్యుంటే తక్కువ స్టార్లు ఇచ్చేదాన్నా అని ఆలోచించా, ఇచ్చేదాన్ని కాదనే అనుకుంటున్నా, ఎందుకంటే మాటిచ్చినంత టైమ్ ఇచ్చారు.

ఇక ఫిర్యాదులు. డ్రిప్ మొదలయ్యాక బెల్టులు కట్టేస్తారు, నడవనివ్వరు, కదిలితే బిడ్డ గుండె సిగ్నల్ పోతుంది, పోతే అందరూ పరిగెత్తుకొస్తారు, కాబట్టి భయపడి కదలం. వైర్లు లేని మానిటర్లు ఉంటాయట, అక్కడ లేవు. మీరు వెళ్లే చోట ఉన్నాయేమో ముందే అడగండి. మంచం సంగతి రాయకపోవడమే మంచిది, పాప పుట్టి నాలుగు నెలలైనా నా నడుం దాన్ని మర్చిపోలేదు.

ఇండక్షన్‌కి ఒక స్టార్ తగ్గించింది మాత్రం షిఫ్ట్ మారినప్పుడు జరిగిన దానికి. మధ్యాహ్నం రెండింటికి వెళ్లే డ్యూటీ డాక్టర్ పీవీ చేసింది, రెండుంపావుకి వచ్చిన ఆవిడ మళ్లీ చేసింది, మూడింటికి పెద్ద డాక్టర్ మళ్లీ. ఉమ్మనీరు పోయాక ఎన్నిసార్లు చెయ్యి పెడితే ఇన్ఫెక్షన్ అంత దగ్గరవుతుంది, ఆ సంగతి వాళ్లకి నాకంటే బాగా తెలుసు. రెండో ఆవిడని, మేడం, ఇప్పుడే చూశారు, 5 సెంటీమీటర్లు అని చార్ట్‌లో రాశారు చూడండి అంటే, "నేను చూస్తేగానీ నాకు తెలీదమ్మా" అంది. డిశ్చార్జ్ రోజు ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాసి ఇచ్చా, ఇంతవరకు ఫోన్ రాలేదు.