ఫోటో చూసి వేయాలా, గట్టున కూర్చుని వేయాలా: ఏది మేలు?

బొమ్మలు నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదొక్కటే. "ఫోన్‌లో ఫోటో పెట్టుకుని వేస్తున్నానండీ, తప్పా?" అని కొందరు. "బయట కూర్చుంటే ఒక్క గీతా కుదరడం లేదు, ఫోటో చూసి వేస్తే బాగానే వస్తోంది. ఇక దాంట్లోనే ఉండిపోనా?" అని ఇంకొందరు. అమలాపురం వాళ్లు అడిగినా భీమవరం వాళ్లు అడిగినా ఇదే ప్రశ్న. చుట్టూ ఇన్ని కాలవలు, ఇన్ని తోటలు ఉన్నచోట ఈ ప్రశ్న రావడం నాకు కొంచెం బాధగానే ఉంటుంది. అయినా ఫోటో పక్షాన చెప్పాల్సిన మాటలు నిజంగానే ఉన్నాయి, అవీ చెప్తాను.

ముందు దేన్నిబట్టి తూచాలో తేల్చుకుందాం. గోడకు తగిలించే బొమ్మ చక్కగా రావాలన్నదే కావలసినదైతే, మొదటి ఏడాది రెండేళ్లు ఫోటోదే పైచేయి. నేర్చుకోవడం సంగతి వేరు. డ్రాయింగ్ రోజుకింత చొప్పున పెరగదు. వారాల తరబడి ఒకచోటే ఆగిపోయినట్టుంటుంది, విసుగొస్తుంది, ఉన్నట్టుండి ఒకరోజు ఏదో ఒక సంగతి పట్టుబడుతుంది. అది పట్టుబడ్డాక చేయి మళ్లీ పాత దారిలోకి పోదు. అలాంటి రోజులు ఏ పద్ధతిలో ఎక్కువగా వస్తాయన్నదే నా కొలత.

అందరికీ ముందుగా పట్టుబడాల్సింది, తెలిసినదాన్ని పక్కన పెట్టి కనిపించేదాన్ని వేయడం. ఈ ఒక్కదాంట్లో ఫోటో ఏమాత్రం తీసిపోదు. కొబ్బరిచెట్టు వేయమంటే కోనసీమలో పుట్టి పెరిగిన పిల్లలు కూడా నిలువునా ఒక గీత గీసి, పైన ఒకే చోట నుంచి మట్టలన్నీ రెండు పక్కలకూ వంచేస్తారు. కొబ్బరిచెట్టు గురించి వాళ్ల బుర్రలో ఉన్న గుర్తు అది. నిజం చెట్టు దగ్గర మనవైపు వచ్చే మట్ట మూరెడు కూడా ఉన్నట్టు కనిపించదు, దాని చివర్లు మాత్రం గుబురుగా కనిపిస్తాయి. కొత్త మట్టలు మొవ్వులోంచి నిటారుగా లేస్తాయి, ముదురువి అడ్డంగా చాచుకుంటాయి, ఎండినవి మానుకు ఆనుకుని వేలాడతాయి. మొదలు లావుగా ఉంటుంది. ఫోటోను తలకిందులు చేసి పెట్టుకుని వేయండి. అప్పుడు అది చెట్టని బుర్ర గుర్తుపట్టలేదు కాబట్టి కన్ను చూసిందే చేతికి వస్తుంది. ఎదురుగా ఉన్న చెట్టును తలకిందులు చేయలేం కదా, అక్కడ ఫోటోదే లాభం.

మట్టల మధ్య ఆకాశం ముక్కలను వేయడం కూడా ఇలాంటిదే. మట్టను వదిలేసి, మట్టకూ మట్టకూ మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉందో దాన్ని గీస్తే మట్ట దానంతట అదే కుదురుతుంది. ఖాళీకి పేరు లేదు, పేరు లేనిదాన్ని బుర్ర ముందే నిర్ణయించి పెట్టుకోదు. ఇదీ ఫోటోలో వస్తుంది, తోటలోనూ వస్తుంది.

ఇక్కడి నుంచి దారులు వేరవుతాయి. ఎదురుగా ఉన్న లోకానికి పొడవు, వెడల్పు, లోతు ఉన్నాయి. కాగితానికి లోతు లేదు. లోతున్నదాన్ని లోతు లేని చోటికి ఎలా దించాలి అన్నదే డ్రాయింగ్‌లో అసలు పని. ఫోటో చూసి వేసేటప్పుడు ఆ పని కెమెరా ముందే చేసేసింది. మీరు చేసేది ఒక చదును కాగితం నుంచి ఇంకో చదును కాగితానికి మార్చడం. చేతికి సాధన దొరుకుతుంది, కంటికి దొరకదు. పెద్ద పెద్ద సంగతులన్నీ పట్టుబడేది ఆ దించే పనిలోనే కాబట్టి నా ఓటు గట్టుకే.

కంటి మట్టం, అంటే మన కన్ను ఉన్న ఎత్తులో ఎదురుగా అడ్డంగా ఊహించుకునే గీత, దాని సంగతి చూడండి. పర్‌స్పెక్టివ్ పాఠం, అంటే దూరాన్ని కాగితం మీద చూపించే పద్ధతి, పుస్తకంలో చదివినవాళ్లు చాలామంది ఉంటారు. దూరంగా పోయే గీతలు, అవన్నీ కలిసిపోయే బిందువు, అన్నీ అప్పజెప్తారు. కానీ అది ఒంట్లోకి దిగేది చదునైన నేల మీదే, మన డెల్టాలాంటి చదును నేల ఇంకెక్కడ దొరుకుతుంది? కోత అయిపోయిన పొలంలో నేల మీద కూర్చుని దూరంగా చూడండి. ఎదురుగా నిలబడ్డ మనిషికి మీ కంటి మట్టం ఇంచుమించు నడుము దగ్గర తగులుతుంది. అతనికి వెనక దూరంగా ఉన్నవాడికీ నడుము దగ్గరే. ఇంకా వెనక, వేలెడంత కనిపిస్తున్నవాడికీ అక్కడే. ఇప్పుడు లేచి నిలబడండి. అదే గీత ఒక్కసారిగా అందరి కళ్ల దగ్గరికి ఎక్కుతుంది. కాలవ గట్టెక్కితే పొలంలో ఉన్నవాళ్ల తలలన్నీ దాని కిందికి వెళ్లిపోతాయి. దూరంగా కొబ్బరితోటల వరస మొదళ్లు కింద నుంచి, తలలు పై నుంచి ఆ గీత వైపే దగ్గరవుతూ పోతాయి. కాలవ రెండు గట్లూ అక్కడికే చేరతాయి.

కూర్చుని, లేచి, గట్టెక్కి ఒక్కసారి చూసినవాళ్లు ఆ తర్వాత జనాన్ని గాల్లో తేలుతున్నట్టు వేయరు. ఫోటోలో ఈ గీత ఉండదని అనను, ఉంటుంది. కానీ అది తీసినవాడు నిలబడ్డ ఎత్తులో ఆగిపోయి ఉంటుంది. మీరు కదిలితే అది కదలదు. కదిలితేనే కదా, అది మీ కన్నేనని తెలిసేది.

దీనితోపాటే పెన్సిల్‌తో కొలవడం వస్తుంది. చేయి పూర్తిగా చాచి, మోచేయి వంచకుండా, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరిపి కొలుస్తాం కదా. అది ఎందుకు చేస్తున్నామో ఫోటో ముందు ఎప్పటికీ అర్థం కాదు, స్కేలు పెట్టి కొలిచేసుకోవచ్చు కాబట్టి. గట్టు మీద మొదటిసారి కొలిచినప్పుడు, మన పక్కనున్న అరటిచెట్టు అవతలి గట్టున ఉన్న పెంకుటింటికి రెండింతలు ఎత్తు కనిపిస్తుందని తేలుతుంది. బుర్ర ఒప్పుకోదు. పెన్సిల్ మాటే వినాలి. బుర్రకూ పెన్సిల్‌కూ ఈ పేచీ వచ్చిన రోజే చాలామందికి డ్రాయింగ్ మొదలైనట్టు లెక్క.

నీటిలో నీడ సంగతి మరీ ముచ్చటైనది. అందరూ పైనున్న బొమ్మను కిందికి తిరగేసి వేసేస్తారు. కాలవ మీద చిన్న వంతెన దగ్గర కూర్చుని చూస్తే నీళ్లలో వంతెన అడుగుభాగం కనిపిస్తుంది, పైకి చూస్తే కనిపించనిది. నీటి మట్టానికి మన కన్ను ఎంత పైనుందో, అంత కింద నుంచి చూస్తే వంతెన ఎలా ఉంటుందో నీళ్లు అదే చూపిస్తాయి. కొబ్బరిచెట్లు కాలవ మీదికి వాలడం మన దగ్గర అలవాటే. అవతలి గట్టు నుంచి మనవైపు వాలిన చెట్టు నీడ చెట్టు కంటే పొడుగ్గా కనిపిస్తుంది. మన గట్టు నుంచి అవతలికి వాలినదాని నీడ పొట్టిగా ఉంటుంది. నిటారుగా ఉన్నదానికి రెండూ దాదాపు సమానం. వరదకు ఎర్రనీరు వచ్చినప్పుడు నల్లగా ఉండాల్సిన నీడల్లో ఆ మట్టి రంగు కలిసి అవి తేలికపడతాయి. ఇవన్నీ ఫోటోలోనూ ఉంటాయి, నిజమే. కానీ అక్కడ వింతగా కనిపించినదాన్ని మనమే సరిచేసేస్తాం. గట్టున లేచి, కూర్చుని, నీడ మారడం చూశాక సరిచేయాలనిపించదు.

వెలుగు నీడల్లో ఫోన్ నష్టం ఇంకా ఎక్కువ. తోట లోపల చీకటి, బయట ఎండ. ఆకాశం బాగా రావాలంటే తోట నల్లగా అయిపోతుంది, తోట కనిపించాలంటే ఆకాశం తెల్లగా పోతుంది. ఇప్పటి ఫోన్లు రెండింటినీ కలిపి అంతటా ఒకే వెలుగు పరిచేస్తాయి, అప్పుడు నీడకు బలం పోతుంది. మన కన్ను పెంకుటింటి వసారా చీకట్లో గోడనూ, గోడకు వేలాడే తట్టనూ విడివిడిగా చూడగలదు. కళ్లు సగం మూసి చూస్తే చిన్న చిన్న తేడాలు పోయి రెండు మూడు పెద్ద ముద్దలు మిగులుతాయి. ఆ ముద్దలు ముందు వేయాలి. షేడింగ్ అంటే బాగా నల్లగా పడే మెత్తని 6బీ పెన్సిల్‌తో రుద్దడం అనుకునేవాళ్లకు ఇది తెలిసిన రోజు పండగే.

ఫోటో మేలైన చోట్లు కూడా చెప్పాలి. ముఖాలకు ఫోటోయే కావాలి, పసిపిల్లలైతే మరీను, ఎవరు గంటసేపు కదలకుండా కూర్చుంటారు? కానీ ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. అది చూసి ఎంత శ్రద్ధగా వేసినా పోలిక రాదు, తప్పంతా తమ చేతిదేనని నేర్చుకునేవాళ్లు కుమిలిపోతారు. ఆరేడడుగుల దూరం నుంచి కొంచెం జూమ్ చేసి తీసుకోండి. వాన రోజుల్లోనూ, లంకల్లోకి వరద నీరొచ్చినప్పుడూ బయట కూర్చోవడం కుదరదు. ఎండ కూడా నిలవదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు, మనం మట్టలు వేసేలోపు నీడలు తప్పుకుంటాయి. అందుకే గట్టున కూర్చోగానే నీడల హద్దులు ముందు గీసేసుకోవాలి, మారినా వాటిని మార్చకూడదు. ఆ పూట ఎండ గుర్తు కోసం ఒక ఫోటో తీసి పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

ఇంకో అడ్డంకి ఉంది, దాన్ని నేను చిన్నచూపు చూడను. ఆడపిల్లలు గట్టున ఒంటరిగా కూర్చుంటే చుట్టూ జనం చేరతారు. "ఏం రాత్తన్నావమ్మా?" అని అడిగేవాళ్లు మంచివాళ్లే అయినా చేయి బిగుసుకుపోతుంది. కొన్ని ఇళ్లల్లో అసలు పంపరు. వాళ్లకు ఫోటోయే గతి అని చాలామంది చెప్తారు. నేను చెప్పను. దొడ్డి ఉంది, అరుగు ఉంది, డాబా ఉంది. డాబా మీద కూర్చుంటే కంటి మట్టం కూడా మీతోపాటే పైకి వస్తుంది. ఆ గీత దేన్ని తాకితే అది మీ కన్నంత ఎత్తున ఉన్నట్టు. కింద నుంచి చూస్తే అడుగు మాత్రమే కనిపించే కొబ్బరి తల, గెలలతో సహా ఎదురుగా దొరుకుతుంది. హైదరాబాద్ ఫ్లాట్లలో ఉన్నవాళ్లకు బాల్కనీ చాలు. వంటింట్లో గిన్నె అంచు, కంటి మట్టానికి దగ్గరయ్యేకొద్దీ సన్నబడే కోడిగుడ్డులాంటి గుండ్రం, కాలవ నేర్పే పాఠంలో సగం నేర్పుతుంది.

మిగతా పద్ధతుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. గడులు కట్టి పెద్దది చేయడం గోడ బొమ్మలకు, కటౌట్లకు పనికొచ్చిన మంచి ఉపాయం, నేర్చుకోవడానికి కాదు. ట్రేసింగ్ వద్దు. ట్యాబ్ మీద వేసినా ఇదే ప్రశ్న వస్తుంది, దేన్ని చూసి వేస్తున్నారు అని. బాపు బొమ్మలు చూసి వేస్తామనేవాళ్లు మన జిల్లాల్లో చాలామంది, ఆయన 1933లో పుట్టింది నరసాపురంలోనే మరి. వేయండి, చేయి సాఫీ అవుతుంది. కానీ ఆ ఒక్క గీత మిగలడానికి ఆయన ఎన్ని వదిలేశారో ఆ బొమ్మలో కనిపించదు. ఏది వదలాలో తెలియాలంటే మళ్లీ మనుషులనే చూడాలి.

రాజమండ్రి వెళ్లినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీకి తప్పకుండా వెళ్లండి. 1897లో పుట్టి, అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌లో చదివి, 1925లో 27 ఏళ్లకే పోయారాయన. అందరూ పెద్ద చిత్రాల దగ్గర ఆగుతారు. మీరు స్కెచ్‌ల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. ఎదురుగా ఉన్నదాన్ని చూసే కన్ను ఎలా పనిచేస్తుందో అక్కడ తెలుస్తుంది.

మొదలుపెట్టేవాళ్లు జనాన్నీ బళ్లనూ ఏరు దాటించే పంటు ఆగే రేవుకో, కాలవ లాకుల దగ్గరికో పోవద్దు. సఖినేటిపల్లి రేవు చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ అక్కడ అన్నీ కదులుతాయి. ఊరి చివర ఒక గడ్డిమేటు వెతుక్కోండి. అది కదలదు, దానికి పెద్దగా వివరాలు లేవు, పొద్దున్న ఏడు తొమ్మిది మధ్య ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ స్పష్టంగా ఉంటాయి. అరచేయంత కాగితం, ఒక 2బీ, ఒక 6బీ పెన్సిల్ చాలు. మేటు నేలను తాకేచోట నీడ ముందు వేయండి, తర్వాత మేటు చీకటి పక్క. గడ్డిపోచలు ఆ రోజుకి వద్దు. అదే మేటును మర్నాడు నిలబడి వేయండి, కంటి మట్టం ఎక్కడికి వచ్చిందో కాగితం మీద సన్నగా గీసి పెట్టుకోండి. ఫోటో తీసుకోవాలంటే బొమ్మ అయ్యాక తీసుకుని, ఇంటికొచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.